రెండుసార్లు మూసుకునే తలుపు

“మెయిన్ స్విచ్ ఎవరు ఆపారు?”

గుమ్మంలో అడుగు పెట్టకముందే ఆరా పిన్ని అడిగిన ప్రశ్న అది. ఇంటి ముందు గోడకున్న కరెంటు మీటరు కింద నిలబడి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి చూస్తోంది. ఇరవై రెండేళ్ళు ఇల్లిల్లూ తిరిగి మీటర్లు రాసుకున్న మనిషి. ఆ ఉద్యోగం వదిలి డిటెక్టివ్ బోర్డు పెట్టుకుని ఆరేళ్ళయినా, ఎవరింటికి వెళ్ళినా ముందు మీటర్నే పలకరిస్తుంది. కనబడిన ప్రతిదాన్నీ ఆరా తీస్తుందని జనం పెట్టిన పేరే ఆమెకి మిగిలింది.

“నేనే ఆపాను,” అన్నాడు ఏజెంటు. బీమా పాలసీలు అమ్ముకునే అతను ఈ ఇంటి యజమానురాలు నర్సమ్మకి సొంత తమ్ముడు. “అక్క ఊరెళ్ళింది. మనిషి లేని ఇంట్లో కరెంటు ఎందుకని.”

“ఎన్నింటికి వెళ్ళింది?”

“నిన్న పొద్దున ఆరింటి బస్సుకి. నేనే ఎక్కించాను.”

“మెయిన్ ఎన్నింటికి ఆపావు?”

“ఇద్దరం బయటికొస్తూ ఆపాం. ఆరుకి పది నిమిషాల ముందు.”

ఆరా పిన్ని చేతి గడియారం చూసుకుంది. శుక్రవారం, పన్నెండూ పది. ఆమె వెనక, ఆమెని పిలిపించుకున్న లిఫ్టు మెకానిక్, అతని భార్య, భార్య చంకలో ఎనిమిది నెలల పాప. ఈ ముగ్గురికీ మిగిలింది నాలుగు గంటల కంటే పది నిమిషాలు తక్కువ. రిటైరైన నర్సమ్మ ఈ రెండు గదుల ఇల్లు వాళ్ళకి అమ్మడానికి ఒప్పుకుని కాగితం రాసింది. ఆ కాగితం గడువు ఈ రోజుతో సరి. బ్యాంకు వాళ్ళిచ్చిన మంజూరు గడువూ ఈ రోజుతోనే సరి. మూడున్నరకి రిజిస్ట్రేషన్ ఆఫీసులో టోకెన్ ఉంది. నాలుగు దాటితే అక్కడ కాగితాలు ముట్టుకోరు. అమ్మే మనిషి స్వయంగా వచ్చి సంతకం పెట్టాలి. ఆ మనిషి లేదు. ఆమె బదులు ఈ పొద్దున తొమ్మిదింటికి ఆమె తమ్ముడు వచ్చి ఒక ఉత్తరం జిరాక్సు వీళ్ళ చేతిలో పెట్టి పోయాడు.

నాకు ఇల్లు అమ్మడం ఇష్టం లేదు. ఈ జంట పోరు పడలేక దూరంగా స్నేహితురాలి దగ్గరికి వెళుతున్నాను. నన్ను వెతకవద్దు. అంతే ఉంది ఉత్తరంలో. కింద నర్సమ్మ సంతకం.

మెకానిక్ భార్యకి ఆ ఉత్తరంలో ‘పోరు’ అన్న ముక్క దగ్గరే ప్రాణం పోయింది. నిజంగానే తను విసిగించానేమోనని.

లోపల ఉన్న ఒకే ఒక్క కుర్చీలో ఒకాయన కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఎంత ఎండలోనూ కోటు విప్పని ప్రైవేటు డిటెక్టివ్. ఊళ్ళో అందరూ కోటు అనే పిలుస్తారు. ఆరా పిన్నికి ఇప్పటికి మూడు కేసుల్లో ఎదురుపడ్డాడు. రెండు అతనే గెలిచాడు.

“రండి మేడమ్. రీడింగు రాసుకోవడం అయిందా?”

“అయింది. నువ్విక్కడ ఏ పని మీద ఉన్నావు?”

“ఒక పెద్దావిడని ఇల్లు రాయమని వేధించి ఊరి నుంచి తరిమేసిన జంట గురించి విచారణ. నా రిపోర్టు సగం అయింది. మీదింకా గుమ్మం దగ్గరే ఉంది.”

ఆరా పిన్ని వంటింట్లోకి నడిచి ఫ్రిజ్ తలుపు తీసింది. పుల్లటి వాసన గుప్పుమంది. పై అరలో రెండు పాల ప్యాకెట్లు ఉబ్బి ఉన్నాయి. మీద బుధవారం తేదీ.

“ఏజెంటు గారూ, మీ అక్క మతిమరుపు మనిషా?”

“అబ్బే. నలభై ఏళ్ళు నర్సు. ఒక్క మాత్ర అటూ ఇటూ కానివ్వదు.”

“అంత మనిషి రెండు ప్యాకెట్ల పాలు లోపల పెట్టి, పక్కనే నిలబడి మెయిన్ ఆపనిచ్చిందా?”

ఏజెంటు ప్యాకెట్ల వంక చూశాడు. “బయలుదేరే హడావుడి. మర్చిపోయి ఉంటుంది.”

“ఈ ఇంట్లో ఫ్రిజ్ ఉందన్న సంగతే గుర్తులేని మనిషి ఆపిన మెయిన్ ఇది,” అంది ఆరా పిన్ని, తలుపు వేస్తూ.

కోటు నవ్వాడు. “పాల ప్యాకెట్లు సాక్ష్యం చెబుతాయా మేడమ్? నేను చూపిస్తా రండి అసలు సాక్ష్యం.”

పడకగదిలో గోడకి నిలువెత్తు చెక్క అలమారా. దాని తలుపు బార్లా తెరిచి ఉంది. కోటు వేలితో చూపించాడు. “ఇది చూడండి. ఇంకా సంతకాలే కాలేదు. అప్పుడే వీళ్ళు ఆవిడ బట్టల అలమారాకి తాళం బిగించారు. వంటింటి గూళ్ళకి కూడా. సొంత ఇంట్లో తన చీర తను తీసుకోవడానికి ముసలావిడ వీళ్ళ అనుమతి అడగాలన్నమాట. ఈ ఫోటో ఒక్కటి చాలు, రిజిస్ట్రారు గారు ఈ ఇంటి కాగితాన్ని ముట్టుకోరు.”

మెకానిక్ ముఖం కందగడ్డయింది. అతని భార్య తల వంచుకుంది.

“ఏంటమ్మా అది?” అంది ఆరా పిన్ని మెల్లగా.

“తాళం కాదు పిన్నీ,” అంది ఆమె. “పాప పాకుతోంది. మేముండేది మేడ మీది గది, మెట్లకి పిట్టగోడ కూడా లేదు. ఒక రోజు ఇంత దూరంలో ఆగింది. అందుకని ఈ ఇంట్లోనైనా ముందే అన్నీ సర్దుకుందామని నర్సమ్మగారిని అడిగి, నేను మోకాళ్ళ మీద ఇల్లంతా పాకి చూశాను. పాప ఎత్తున ఏమేం అందుతాయో అని. అలమారాల్లో మందులున్నాయి, కత్తెరలున్నాయి. ఆవిడే నవ్వి, సరే బిగించుకోండి అంది. ఇల్లు మనది కాకుండానే ఇదంతా ఎందుకే అని ఈయన అంటూనే ఉన్నారు. నేనే వినలేదు.”

“మళ్ళీ నేనే చేసిచ్చాను,” అన్నాడు మెకానిక్. “పనికిరాని ప్లాస్టిక్ పట్టీలు కోసి. బజార్లో దొరికే రకం కాదండి.”

ఆరా పిన్ని అలమారా ముందు చతికిలబడింది. లోపలి వైపు బిగించిన తెల్ల కొక్కెం సగానికి విరిగి వేలాడుతోంది. మేకు ఊడొచ్చిన చోట చెక్క చీలింది. కింది అరలో మడతపెట్టిన తువ్వాలు మీద చిటికెడు చెక్కపొట్టు.

“ఇది ఎప్పుడు విరిగింది?”

“బుధవారం సాయంత్రం ఆరింటికి మేం వెళ్ళేటప్పుడు బాగానే ఉంది,” అంది భార్య. “నేను రెండుసార్లు లాగి చూసుకున్నాను.”

“రెండుసార్లేనా?” అన్నాడు మెకానిక్.

“నాలుగుసార్లు.”

ఆరా పిన్ని లేచి ఏజెంటు వైపు తిరిగింది. “మీ అక్క పెట్టె ఎవరు సర్దారు?”

“ఆవిడే. నిన్న పొద్దున ఐదున్నరకి. నేను ఇదిగో, ఈ గుమ్మంలోనే నిలబడ్డాను. నాలుగు చీరలు, శాలువా, తన చేత్తో తీసి పెట్టుకుంది.”

“ఈ అలమారాలోంచే?”

“ఇంకెక్కడి నుంచి?”

“వంటింట్లోకి రా నాయనా. నువ్వూ రా కోటూ.”

వంటింటి గూటికి అదే రకం కొక్కెం, చెక్కుచెదరకుండా ఉంది. “తెరువు,” అంది. ఏజెంటు పిడి పట్టుకుని లాగాడు. తలుపు వేలెడు తెరుచుకుని ఆగింది. గట్టిగా లాగాడు. గూడంతా కదిలింది కానీ తలుపు రాలేదు. కోటు అతన్ని పక్కకి జరిపి తనూ ప్రయత్నించాడు. పైనుంచి, కింద నుంచి, జేబులోని పెన్ను పెట్టి. చెమట పట్టింది.

“అమ్మాయ్, నువ్వు తెరువు.”

మెకానిక్ భార్య పాపని కుడిచంకలోంచి ఎడమచంకలోకి మార్చుకుంది. తలుపు వేలెడు తెరిచి, సందులో చూపుడువేలు పెట్టి, కొక్కేన్ని కిందికి నొక్కి, ఇట్టే తెరిచేసింది.

“ఈ కిటుకు తెలిసింది లోకంలో ముగ్గురికి,” అంది ఆరా పిన్ని. “చేసినవాడికి, చేయించుకున్న పిల్లకి, వారం రోజులుగా రోజూ తెరుస్తున్న నర్సమ్మకి. తన చేత్తో పెట్టె సర్దుకున్న ఆడది తన అలమారాని పెకలించి తెరుచుకోదు. ఆ పెట్టె సర్దినవాడికి కిటుకు తెలీదు. నువ్వు గుమ్మంలో నిలబడలేదు ఏజెంటు గారూ. అలమారా ముందే నిలబడ్డావు. చేతిలో స్క్రూడ్రైవరుతో.”



“ఇదేదో పనీపాటా లేని వ్యవహారంలా ఉంది. నాకు పనుంది,” అంటూ ఏజెంటు చెప్పులు వేసుకున్నాడు. పన్నెండూ యాభై.

కోటు ఇంకా ఆ గూటి తలుపునే చూస్తున్నాడు. తర్వాత సర్దుకున్నాడు. “ఊహ బాగుంది మేడమ్. కానీ ఆవిడ ఎక్కడుందో చెప్పలేరు కదా. మూడున్నరకి ఉత్తరంతో నేను ఆఫీసులో ఉంటాను. మీరు కొక్కెంతో రండి.” అతనూ వెళ్ళిపోయాడు.

“ఆ తమ్ముడు ఇప్పుడు ఆమె దగ్గరికే పోతాడు,” అంది ఆరా పిన్ని. “అక్కడి నుంచి కదిలించేస్తాడు. మనకంటే ముందు పోతాడు. ఎక్కడికో తెలీదు. ఆలోచించండి. బుధవారం ఆరు తర్వాత మీలో ఎవరైనా నర్సమ్మతో మాట్లాడారా?”

“లేదు పిన్నీ,” అన్నాడు మెకానిక్. “నిన్న మధ్యాహ్నం నుంచీ ఫోను ఆపేసి ఉంది.”

అతను వ్యాను తీయడానికి బయటికి వెళ్ళగానే అతని భార్య ఆరా పిన్ని చేయి పట్టుకుంది.

“నేను మాట్లాడాను. ఆయనకి చెప్పకండి.”

“ఎన్నింటికి?”

“నిన్న పొద్దున తొమ్మిదీ ఇరవైకి. పాప ఒళ్ళు వెచ్చగా అనిపించింది. ప్రతి తుమ్ముకీ ఆవిడకి ఫోను చేయకే, విసుగొచ్చి ఇల్లు అమ్మనంటుంది అని ఈయన ఒట్టు వేయించుకున్నారు. ఆ ఉత్తరం చూడగానే నా వల్లే అనుకున్నాను. అందుకే నోరు మెదపలేదు.”

“తొమ్మిదీ ఇరవైకి ఆమె బస్సులో ఉండాలి. బస్సు చప్పుడు వినబడిందా?”

“ఏమో, నాకు పాప గోలే. కానీ రికార్డుంది. ఎన్ని చుక్కలు, ఎన్ని గంటలకి అని ఆవిడ చెప్పేది తర్వాత మర్చిపోతానని ఆవిడ మాటలన్నీ ఫోనులో దాచుకుంటాను. రాత్రిళ్ళు మళ్ళీ వింటాను.”

ఆరా పిన్ని ఆమె వంక ఒక్క క్షణం చూసింది. “నీలాంటి కంగారు మనుషులు ఇంకో పదిమంది ఉంటే ఈ ఊళ్ళో నాకు పని ఉండదు. పెట్టు.”

ఫోనులో నర్సమ్మ గొంతు గట్టిగా, నిబ్బరంగా వచ్చింది. “ఎంతుంది?”

“తొంభై తొమ్మిది పాయింట్ రెండు.”

“అది జ్వరం కాదే తల్లీ. నువ్వు మూడు దుప్పట్లు కప్పి ఉంటావు. తీసెయ్. పాలు తాగుతోందా?”

“తాగుతోంది గానీ కొంచెం సేపే...”

“పిల్ల ఆపితే ఆపనీ. రేపు ఆఫీసు దగ్గరికి తెస్తావుగా, నేనే చూస్తా. ఇక్కడ...”

అక్కడ వెనక ఏదో టంగుమంది. ఏదో జర్రున జరిగి ఆగింది. మళ్ళీ వెనక్కి జరిగింది. మళ్ళీ జర్రుమని, దబ్బున మూసుకుంది. ఫోను కట్టయింది.

“ఆఖరుది మళ్ళీ పెట్టు.”

ఆ మాటన్నది ఆరా పిన్ని కాదు. గుమ్మంలో మెకానిక్. భార్య ఫోను కొంగులో దాచబోయింది. “ఏవండీ, ఒళ్ళు కాలిపోతుందనుకుని...”

“మళ్ళీ పెట్టవే.”

పెట్టింది. అతను కళ్ళు మూసుకుని, తల పక్కకి వంచి విన్నాడు.

“బజారు చివరి లాడ్జి,” అన్నాడు. “మూడో అంతస్తు. ఆ లిఫ్టు తలుపు అన్ని అంతస్తుల్లోనూ ఒకసారి మూసుకుంటుంది. మూడులో మాత్రం జానెడు దూరంలో ఆగి, వెనక్కెళ్ళి, రెండోసారి మూసుకుంటుంది. రోలరు అరిగింది. మార్చాలని సర్వీసు పుస్తకంలో మూడుసార్లు రాశాను. ఎవడూ పట్టించుకోలేదు.”

“ఖాయమా?”

“పిన్నీ, మా పాప ఏడుపు వేరే పిల్లల ఏడుపులో కలిస్తే ఈమె గుర్తుపడుతుందా లేదా? ఇదీ అంతే.”

ఒంటిగంటా నలభైకి వ్యాను లాడ్జి ముందు ఆగింది. అప్పటికే అక్కడొక టాక్సీ నిలబడి ఉంది. డ్రైవరు పల్లీలు నములుతున్నాడు. “పేషెంటుని ఎక్కించుకోవాలంట. ఎక్కడికో ఎక్కాక చెబుతారంట,” అన్నాడు ఆరా పిన్ని అడగ్గానే. అద్దాల తలుపు లోంచి చూస్తే ఏజెంటు లిఫ్టులోకి అడుగు పెడుతున్నాడు.

ఆరా పిన్ని మెట్ల వైపు పరుగెత్తబోయింది. మెకానిక్ ఆమె మోచేయి పట్టుకున్నాడు. “మీరు మెల్లగా ఎక్కండి పిన్నీ. తొందరేం లేదు.”

అతను నేరుగా మెట్ల కింద ఉన్న ఇనుప పెట్టె దగ్గరికెళ్ళి, నడుముకున్న తాళాల గుత్తిలోంచి ఒకటి తీసి, తలుపు తెరిచి, పైన వెలుగుతున్న అంకెల్ని చూస్తూ నిలబడ్డాడు. ఒకటి. రెండు. రెండు ఆరిపోయి మూడు వెలగబోయే ముందు మీట కిందికి లాగాడు. ఎక్కడో పైన లిఫ్టు ఎక్కిళ్ళు పెట్టి ఆగిపోయింది.

కౌంటరు వెనకున్న అతను తల ఎత్తాడు. “ఏమన్నా కంప్లయింటు వచ్చిందా?”

“వచ్చింది,” అన్నాడు మెకానిక్. వ్యానులోంచి తెచ్చిన బోర్డు లిఫ్టు తలుపుకి తగిలించాడు. మరమ్మతు జరుగుచున్నది, సహకరించగలరు.

మూడో అంతస్తులో లిఫ్టు పక్క గదికి బయట గొళ్ళెం పెట్టి ఉంది. ఆరా పిన్ని తీసింది. మంచం మీద నర్సమ్మ ఇస్త్రీ చీరలో, ఒళ్ళో చేతిసంచి పెట్టుకుని, వీపు నిటారుగా కూర్చుని ఉంది. కిటికీ గట్టు మీద నాలుగు గ్లాసుల పాలు వరసగా, ముట్టుకోకుండా.

“వచ్చారా,” అంది. “నేను పదకొండు నుంచి తయారై కూర్చున్నాను.”

మెకానిక్ భార్య పాపని నర్సమ్మ ఒళ్ళో దింపి, ఆవిడ భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది.

“ఛ, లే. నీ చీమిడి పిల్లకి అంటుతుంది,” అంది నర్సమ్మ, పాప నుదుటి మీద చేయి వేస్తూ. “చూశావా, చల్లగా ఉంది.”

“ఇక్కడికెలా వచ్చారు?” అంది ఆరా పిన్ని. “ఎన్నింటికి?”

“బుధవారం ఏడింటికి. పాకే పిల్ల వస్తున్న ఇల్లు కదా అక్కా, చెదల మందు కొట్టిస్తా, ఒక్క రాత్రి బయట పడుకో అన్నాడు. పిల్ల పేరు చెబితే నేను కాదంటానా? ఫోనులో దీనికి చెబుదామనుకున్నా. మందు అంటే మళ్ళీ హడలిపోతుందని ఊరుకున్నా. తొమ్మిదిన్నరకి ఫోను లాక్కుపోయాడు. మతి లేని మనిషినని కింద వాళ్ళకి చెప్పాడు. పాలలో నిద్రమాత్రలు కలిపి పంపుతున్నాడు వెధవ. నలభై ఏళ్ళు మొండి రోగులకి పాలలో కలిపిచ్చింది నేను. నాకే ఇస్తాడా?”

ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయి. మెకానిక్ ఎత్తుకుంటానన్నాడు. “నన్ను మోసేది ఒక్కసారే, అది ఇవాళ కాదు,” అని రెయిలింగు పట్టుకుంది. మూడు అంతస్తులు దిగడానికి పదహారు నిమిషాలు. మూడుకీ రెండుకీ మధ్య మలుపులో లిఫ్టు గోడ లోపలి నుంచి బాదుతున్న చప్పుడు వినబడింది.

“ఎవరక్కడ? తలుపు తీయండి. ఊపిరాడట్లేదు.”

నర్సమ్మ ఆగింది. గోడకి దగ్గరగా వంగింది. “ఫ్యాను తిరుగుతోందా లోపల?”

బాదడం ఆగింది. “అక్కా?”

“తిరుగుతోందా లేదా?”

“తిరుగుతోంది.”

“అయితే ఊపిరాడుతుంది. మెల్లగా లోపలికి పీల్చి, మెల్లగా వదులు. నా సంతకం అయ్యాక పోలీసుల్ని పంపుతా, వాళ్ళు తీస్తారు.”

ట్రాఫిక్కులో ఇరుక్కుని, ఊరికి ఆ చివరనున్న రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్లెక్కేసరికి మూడూ ఇరవై ఎనిమిది. లోపల రిజిస్ట్రారు బల్ల ముందు కోటు నిలబడి ఉత్తరం చదివి వినిపిస్తున్నాడు. బల్ల మీద అలమారా కొక్కెం ఫోటో. రిజిస్ట్రారు శ్రద్ధగా తల ఊపుతున్నాడు. “అమ్మే మనిషి రానప్పుడు, పైగా అభ్యంతరం ఉన్నప్పుడు, ఈ టోకెన్ రద్దు చేయక తప్పదు,” అన్నాడు, పెన్ను మూత తీస్తూ.

“అమ్మే మనిషి మెట్లెక్కుతోంది. రెండు నిమిషాలు ఆగండి,” అంది ఆరా పిన్ని తలుపులోంచి.

రిజిస్ట్రారు పెన్ను గాల్లో ఆగింది. నర్సమ్మ లోపలికొచ్చి, ఎవరూ చెప్పకుండానే ముందు కుర్చీలో కూర్చుని, కోటు చేతిలో ఉత్తరం తీసుకుని దూరంగా పట్టుకుని చదివింది.

“ఇది నా రాతంటున్నావా బాబూ? నా చీటీలు చదవలేక ఆసుపత్రిలో ముగ్గురు ఫార్మసిస్టులు ఉద్యోగం మానేశారు. ఇంత గుండ్రంగా నేను పుట్టి బుద్ధెరిగాక రాయలేదు.”

గుమాస్తా కిసుక్కుమన్నాడు. కోటు ఉత్తరం వెనక్కి తీసుకున్నాడు. మడిచాడు. ఫోటో కూడా తీసి జేబులో పెట్టుకుని గోడ పక్కనున్న బెంచీ మీద కూర్చున్నాడు.

“మీ ఇష్టప్రకారమే అమ్ముతున్నారా?” అని అడిగాడు రిజిస్ట్రారు. గొంతు బొంగురుపోయింది.

“నా ఇష్టప్రకారమే. ఇంకొకరి ఇష్టప్రకారం నేనే పనీ చేయలేదు. ఎక్కడ పెట్టాలి?”

నర్సమ్మ సంతకాలు అయ్యాయి. మెకానిక్ సంతకం అయింది. తర్వాత గుమాస్తా కాగితాలు అతని భార్య వైపు తిప్పాడు. ఆమె పాపని భర్తకిచ్చి, అరచేయి చీరకి తుడుచుకుని పెన్ను పట్టుకుంది. ఏడో తరగతిలో బడి మానిపించాక ఆమె సంతకం పెట్టిన చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆఖరుది పురిటి ఆసుపత్రిలో, నొప్పుల మధ్య, ఏం రాసుందో చదవకుండా పెట్టింది. ఈసారి చదివింది. తూర్పు హద్దు, పడమర హద్దు, రెండు గదులు, వంటిల్లు, కొనువారు అన్న చోట భర్త పేరు, దాని పక్కనే తన పేరు. ప్రతి అక్షరం పూర్తిగా, గుడి కొమ్ము ఎక్కడా వదలకుండా రాసింది. ఆమె రాసినంతసేపూ ఎవరూ తొందర పెట్టలేదు. గుమాస్తా ముద్రలు కొట్టి, పై మూలన నెంబరు వేశాడు.

రెండువేల నూట పదహారు. మూడూ నలభై తొమ్మిది.

“అయిపోయిందా?” అంది ఆమె.

“అయిపోయిందమ్మా. ఇల్లు మీది.”

మెకానిక్ పాపని తల మీదికెత్తుకుని నిలబడ్డాడు. పాప అతని జుట్టు పట్టుకుని లాగింది. అతను లాగనిచ్చాడు. నర్సమ్మ కుర్చీలో వెనక్కి వాలి, మూడు రోజుల్లో మొదటిసారి కళ్ళు మూసుకుంది.

“ఇప్పుడు రెండు రెండు,” అంది ఆరా పిన్ని, బెంచీ మీద కోటు పక్కన కూర్చుంటూ.

“లెక్క సరిపోయింది,” అన్నాడు కోటు. నవ్వలేదు. “మీకొక సంగతి చెప్పాలి. నన్ను ఈ పనికి పెట్టుకుంది ఆ ఏజెంటు అనుకుంటున్నారు. కాదు. మూడు వారాల క్రితం ఒక ఫోను వచ్చింది. నర్సమ్మగారి వీధిలో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళెవరో కనుక్కోమన్నారు. నాలుగు ఇళ్ళు రాసిచ్చాను. రెండు అప్పుడే చేతులు మారాయి. ఆ ముసలివాళ్ళు బంధువుల దగ్గరికి వెళ్ళారన్నారు. ఇవాళ ఈవిడ చేతిలో ఆ ఉత్తరం చూసేదాకా నేను నమ్మాను. వాళ్ళవీ ఇలాంటి గుండ్రటి ఉత్తరాలే.”

“ఆ ఇళ్ళు ఎక్కడ రిజిస్టరయ్యాయి?”

“ఇక్కడే.”

మెకానిక్ భార్య ఫోను మోగింది. తెలియని నెంబరు. ఎత్తింది. ఒక మగ గొంతు, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నట్టు మందంగా ఉంది.

“రెండువేల నూట పదహారు. సంతోషం. ఆ ఇల్లు సోమవారం లోపు మాకు తిరగరాసెయ్యండి. ధర మీరే చెప్పండి. పాకే పిల్ల ఉంది కదా ఇంట్లో. జాగ్రత్తగా ఉండాలి.”

ఆమె పాప వైపు చూసింది. పిట్టగోడ లేని మెట్లు కళ్ళ ముందు మెదిలాయి. వీపు గోడకి ఆనించుకుంది.

“మా ఇల్లు అమ్మం,” అంది.

“తొందరపడకండి. ఆలోచించుకోండి.”

“ఆలోచించుకునే కొన్నాం,” అని పెట్టేసింది.

ఆరా పిన్ని అప్పటికే ఆమె పక్కనుంది. “ఎన్నింటికి?”

“ఇప్పుడే. మూడూ యాభై ఐదు.”

“ఏమన్నాడు? మొదటి మాట.”

“నెంబరు చెప్పాడు. మా కాగితం నెంబరు.”

ఆరా పిన్ని గుమాస్తా బల్ల దగ్గరికి నడిచింది. కాగితాలు ఇంకా ట్రేలోనే, పై మూలన సిరా తడి ఆరకుండా ఉన్నాయి.

“ఈ నెంబరు పడి ఆరు నిమిషాలైంది,” అంది. “ఈ కాగితం ఈ గది దాటలేదు. మేం ఎవరికీ చెప్పలేదు. నువ్వు కాక దీన్ని ఇంకెవరు చూశారు?”

“నేను ఫోను ముట్టుకోలేదండి,” అన్నాడు గుమాస్తా, రెండు చేతులూ బల్ల మీద పెట్టి చూపిస్తూ. “నేనూ, మా సారూ. అంతే.”

కోటు బెంచీ మీంచి లేచాడు. నర్సమ్మ కళ్ళు తెరిచింది. అందరూ రిజిస్ట్రారు బల్ల వైపు తిరిగారు. మూత తీసిన పెన్ను బల్ల మీద ఉంది. కుర్చీ ఖాళీగా ఉంది. వెనక వరండాలో ఎవరో మెట్లు దిగుతున్నారు, రెండేసి చొప్పున.

ఆరా పిన్నీ కోటూ ఒకేసారి ఆ తలుపు వైపు దూకారు. మెకానిక్ భార్య మాత్రం కదల్లేదు. ట్రే మీద అరచేయి ఆనించి గుమాస్తా కళ్ళలోకి చూసింది.

“ఆయన్ని వాళ్ళు పట్టుకుంటారు. ముందు మా ఇంటి కాగితం ఇటివ్వండి.”